ముప్ఫై తొమ్మిది రేకు టోపీలు

ప్రియమైన చెల్లాయికి,

నోరు విప్పనని ఒట్టు పెట్టుకున్న కావలివాణ్ణి ఏ ఊరివాళ్ళైనా గోడ మీద నిలబెడతారా? ముందు దీనికి జవాబు చెప్పు. నీ క్షేమసమాచారాలు ఆ తర్వాత అడుగుతాను.

మీ కేంద్రం నుంచి వచ్చిన కాగితాన్ని హారన్ బాబాయి పొద్దున టపా వ్యాను దిగుతూనే నా చేతిలో పెట్టాడు. కింద సంతకం నీది. ఒకసారి నాలో నేను చదువుకున్నాను, ఇంకోసారి మీ వదినకు వినబడేలా చదివాను. ఈ కరకట్ట పొడుగునా మీరు పాతిన, చెమ్మ కొలిచే నలభై పెట్టెలూ ఇకమీదట నిమిషానికోసారి కబురు పంపవట. మట్టిలో చెమ్మ హద్దు దాటితేనే నోరు తెరుస్తాయట. లేకపోతే మౌనమట.

నువ్వు బల్ల దగ్గర కూర్చుని రాసేశావు. కట్ట కింద ఉన్నది నేను. ఏటి నీటిమట్టం కంటే పల్లంలో ఇక్కడ ముప్ఫై ఇళ్ళున్నాయి. ప్రతి ఆదివారం ఆ ముప్ఫై ఇళ్ళవాళ్ళూ నా ఎదుట కూర్చుని వాక్యం వింటారు. కత్తి రావడం చూసి కూడా బూర ఊదని కావలివాణ్ణి ఆ రక్తానికి జవాబు అడుగుతానని దేవుడు ప్రవక్తతో చెప్పలేదా? మొరగలేని మూగకుక్కలని కాపరులను తిట్టలేదా? ఆ కుక్కల వరసలో నన్ను కట్టెయ్యకు తల్లీ.

పెట్టెలు చేసిన పాపమేమిటి? 'పొడి, పొడి, పొడి' అంటున్నాయి. నిజమే కదా అంటున్నాయి. ఇరవై రోజులకోసారి బ్యాటరీలు చస్తున్నాయి, కాదనను. ఆ సంచీ భుజాన వేసుకుని నాలుగు కిలోమీటర్ల కట్ట తిరిగేది నేను. ఏనాడైనా మూలిగానా? మూలిగాను, కానీ మీ వదిన దగ్గర.

పదిహేడో పెట్టె పక్కింట్లో ఉండే దర్జీ పెద్దమ్మ నీకు గుర్తుండే ఉంటుంది. కట్టకు వీపు ఆనించినట్టుండే ఇల్లు, రోజుకో ఫిర్యాదు. నీ కాగితం సంగతి చెబితే ఆమె ఏమందో తెలుసా? "నోరెత్తకుండా మూల కూర్చోడానికి డబ్బా ఎందుకురా నాయనా, మా ఆయన ముప్ఫైయేళ్ళు ఆ పనే చేశాడు" అంది.

నీ జవాబు వచ్చేదాకా మనశ్శాంతి లేని,
నీ అన్నయ్య, కట్ట కావలి

*

కోపిష్టి అన్నయ్యకు,

నీ ఉత్తరం పట్టుకుంటే వేళ్ళు చురుక్కుమన్నాయి. అయినా రెండుసార్లు చదివాను. నీ కోపం నాకిష్టం. ఆ కట్ట మీద నీలాంటి మనిషి ఉన్నాడనే ఈ పద్ధతికి మొదట మీ కట్టనే ఎంచుకున్నాను.

అమ్మ మన ఐదుగురినీ ఇంట్లో వదిలి పనికి వెళ్తూ ఏం చెప్పేది? "దెబ్బ తగిలితేనే పిలవండి, ఊరికే పిలవకండి" అనేది. నువ్వు విన్నావా? బొంగరం దొరక్కపోయినా అమ్మా, చీమ కుట్టినా అమ్మా. జామచెట్టు మీంచి పడి నిజంగా చెయ్యి విరగ్గొట్టుకున్న రోజు నీ కేక విని ఆవిడ గిన్నె కడిగి, చెయ్యి తుడుచుకుని, నింపాదిగా వచ్చింది. ఆ చెయ్యి ఇప్పటికీ వంకరే. నీ పెట్టెలూ అంతే. నలభై పెట్టెలు, రోజుకు యాభై ఏడు వేల ఆరు వందల కబుర్లు. అన్నీ 'పొడి' అనే. వాటి మధ్య ఒక్క 'తడి' వస్తే ఎవరి చెవికి ఎక్కుతుంది?

ఇంకో సంగతి. పెట్టెకు చెమ్మ కొలవడానికి గుక్కెడు బలం చాలు, ఆ కొలతను కేంద్రం దాకా పంపడానికి కడవెడు కావాలి. కాబట్టి కొలవడం మానదు అన్నయ్యా, నిమిషానికోసారి కొలుస్తూనే ఉంటుంది. తన హద్దు తానే చూసుకుని, చెప్పదగ్గది ఉంటేనే చెబుతుంది. బ్యాటరీ ఏడాది పైన వస్తుంది.

ఒక్క పెట్టె మాట నమ్మి మీ ఊళ్ళో సైరన్ మోగించం. ఎవరో బకెట్ ఒలకబోసినా అది 'తడి' అంటుంది. పక్కపక్కనున్న రెండో మూడో పెట్టెలు ఒకే మాట అంటేనే మోగుతుంది. ఇద్దరు ముగ్గురు సాక్షుల నోట ప్రతి మాటా స్థిరపడాలని నాకు ఏడేళ్ళప్పుడు నేర్పిందెవరు? విస్తరించి మాట్లాడితే ప్రార్థన వినబడదని నేర్పిందెవరు? మూడు గంటలు ప్రసంగించి మరీ నేర్పావు, మర్చిపోయావా?

మా పెద్దాయన మూడు నెలల గడువిచ్చాడు. ఇది కుదరకపోతే పెట్టెలన్నీ పీకించేస్తానన్నాడు. అప్పుడు ముప్ఫై ఇళ్ళకు దిక్కు నువ్వూ నీ టార్చిలైటూ. అందుకే బతిమాలుతున్నాను, ఒప్పుకో.

నీ నోటి ముందు ఎప్పుడూ గెలవని,
చెల్లి

*

ప్రియమైన చెల్లాయికి,

ఓడిపోయాను. ఇంత సంతోషంగా ఎన్నడూ ఓడిపోలేదు.

నీ ఉత్తరం చదివి చాలాసేపు కట్ట మీద కూర్చున్నాను. కొండ మీద నిలబడ్డ ప్రవక్త ముందు గాలి వీచింది, నేల కంపించింది, మంట లేచింది. వాటిలో దేవుడు లేడు. ఆ తర్వాత వచ్చిన సన్నటి స్వరంలో ఉన్నాడు. ఇన్నేళ్ళుగా ఈ మాట చెబుతూ నేను గాలినీ మంటనే పోగేస్తున్నానని తెలిసొచ్చింది. ఆదివారం ఇదే ప్రసంగించాను. అందరూ కదిలిపోయారు. మీ వదిన మాత్రం, "మాటలు తగ్గించుకోమని రెండు గంటలు చెప్పినవాణ్ణి ఇవాళే చూశాను" అంది.

ఊరికే ఒప్పుకుని కూర్చునే మనిషిని కాదని నీకు తెలుసు. మిల్లు గోడౌనులో పాత రేకులు అడిగి తెచ్చాను. పెట్టె పెట్టెకూ ఒక టోపీ చేశాను. నాలుగు వైపులా కిందికి మడిచి, పెట్టెంతా లోపలికి పోయేలా. ఎండ తగలదు, వాన తగలదు, మేకలు నాకవు. ఒక్కో టోపీ మీద ఎర్ర రంగుతో ఒక్కో మాట రాశాను. 'మెలకువ', 'కాపలా', 'ఓర్పు', 'మౌనం'. కట్ట మీద నడుస్తుంటే వరసగా నిలబడ్డ సైన్యంలా ఉంది చెల్లాయ్. ముప్ఫై తొమ్మిదింటికి తొడిగాను. పదిహేడోదానికి పెద్దమ్మ పడనివ్వలేదు. "నేను నడుం వాల్చే వేళ నా గోడ పక్కన సుత్తి మోగిందంటే ఆ టోపీ నీకు తొడుగుతా" అంది. ఆ ఒక్కటీ బోడితలతో ఉండిపోయింది.

సంఘంలో కూడా ఈ పద్ధతే పెట్టాను. చీటికీమాటికీ నా గుమ్మం తొక్కొద్దు, ఇద్దరు సాక్షులుంటేనే ఫిర్యాదు తెమ్మన్నాను. వారం రోజులుగా ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందో చెప్పలేను.

మనిద్దరికీ ఇదే నియమం. చెప్పవలసింది ఉంటేనే రాస్తాను. నా ఉత్తరం రాలేదంటే ఇక్కడ అంతా క్షేమమని నమ్ము.

మౌనం నేర్చుకుంటున్న,
నీ అన్నయ్య

*

ప్రియమైన అన్నయ్యా,

ఇరవై రెండు రోజులైంది, నీ దగ్గర్నుంచి ముక్క లేదు. అంటే క్షేమమే. నియమం నియమమే అని ఊరుకున్నాను కానీ ఈ కబురు చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

గెలిచాం. మొదటి వారం పెట్టెలు అక్కడొకటీ ఇక్కడొకటీ తుమ్మినట్టు పలికాయి. ఆ తర్వాత పూర్తి నిశ్శబ్దం. తెర ముందు కూర్చుంటే నాకే ఒళ్ళు పులకరిస్తోంది. ఇంత వానలో కూడా ఎంత నిబ్బరంగా ఉన్నాయో. పెద్దాయన గదిలోకి వచ్చి, తెర చూసి, "ఇది కదా కావలసింది" అన్నాడు. ఆయన నోట మెప్పు విన్నది ఈ ఆఫీసులో నేనొక్కదాన్నే. మూడు నెలలు ఆగేది లేదట. ఇంకో మూడు కట్టల మీది పెట్టెలకు కూడా వెంటనే ఇదే పద్ధతి పెట్టేయమన్నాడు. సోమవారమే పెట్టేశాం.

నీ టోపీల సంగతి చదివి ఆఫీసంతా నవ్వుకున్నాం. "పెట్టుకోనీ పాపం, భక్తి" అన్నాడు పెద్దాయన.

ఒక్క పదిహేడోది మాత్రం మూడుసార్లు 'తడి' అంది. పక్కన పదహారూ పద్దెనిమిదీ ఉలకలేదు, పలకలేదు. రెండో సాక్షి లేడు కనుక కొట్టేశాం. ఎంతైనా పెద్దమ్మ పక్కింటి పెట్టె కదా, ఆవిడ గుణమే వచ్చిందనుకున్నాను.

ఏరు పెరుగుతోందని పేపర్లో చూశాను. నీ మౌనమే నాకు ధైర్యం.

పొంగిపోతున్న,
చెల్లి

*

చెల్లాయికి,

ఇది చేరేసరికి నువ్వు నన్ను తిట్టుకుంటూ ఉంటావో, నేను నిన్ను తిట్టాలో తెలియడం లేదు. హారన్ బాబాయి ఇంజను ఆపకుండా నిలబడ్డాడు. గబగబా రాస్తున్నాను.

పదిరోజుల కింద దర్జీ పెద్దమ్మ వచ్చింది. "కుట్టుమిషను కింద నేల చెమ్మగా ఉందిరా" అంది.

"ఇంకెవరైనా చూశారా పెద్దమ్మా?"

"నా ఇంట్లో నేను కాక ఇంకెవరుంటారు?"

"మరి ఇద్దరు సాక్షులు కావాలి కదా."

"నా కాళ్ళు రెండూ తడిశాయి. ఇద్దరు కాదూ?"

అక్కడున్న వాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. దేవుడు నన్ను క్షమించాలి. నాలుగు రోజుల కింద మళ్ళీ వచ్చింది. పెట్టెలు ఒక్క మాట కూడా అనలేదు పెద్దమ్మా, నువ్వొక్కదానివే అంటున్నావు అని తిప్పి పంపాను. మోకాళ్ళ నొప్పులతో ఆ మెట్లు దిగుతుంటే చూస్తూ నిలబడ్డాను.

ఇవాళ పొద్దున వాక్యం చదువుకుంటున్నాను. పెద్దమ్మ మళ్ళీ మెట్లెక్కింది. ఎదురుగా వచ్చి, కొంగులో మూటగట్టి తెచ్చిన గుడ్డను నా తెరిచిన గ్రంథం మీద పిండింది. పేజీ మీద ఎర్రటి నీళ్ళు. చెల్లాయ్, తేట నీరైతే ఊట అనుకోవచ్చు. మట్టి నీళ్ళు వచ్చాయంటే కట్ట లోపల్నుంచి కరుగుతోందని అర్థం. పరుగెత్తాను. మిషను కాళ్ళు చీలమండ లోతు బురదలో ఉన్నాయి. "అది పోతే నేను పోయినట్టేరా" అంది. ఎత్తి కింద ఏదైనా వేద్దామని చూస్తే ఏమీ కనబడలేదు. కట్టెక్కి పద్దెనిమిదో పెట్టె టోపీ పీక్కొచ్చి మిషను కిందకు తోశాను. రెండో కాలు ఇంకా రేకు మీదికి ఎక్కించనే లేదు, సైరన్ మోగింది.

మీ పెట్టెలు మూడు వారాలకు పైగా చచ్చినట్టు పడుండి సరిగ్గా అప్పుడే ఎందుకు అరిచాయి? ఇన్నాళ్ళూ ఏమయ్యాయి? ముప్ఫై ఇళ్ళవాళ్ళనూ మిల్లు గోడౌనుకు చేర్చాను. ఏరు కట్ట అంచుకు మూరెడు కింద ఉంది. పెద్దమ్మ ఇంటి దగ్గర కారుతోందని తెలుసు. ఇంకెక్కడ కారుతోందో తెలియదు. నాలుగు కిలోమీటర్లు నా రెండు కళ్ళతో ఎక్కడని వెతకను? మీ మౌనాన్ని నమ్మినందుకు నాకు ఇదా ఫలితం?

కట్ట మీద నుంచి,
అన్నయ్య

*

అన్నయ్యా,

మిగతాది తర్వాత చదువు. ముందు టోపీలు పీకెయ్. అన్నీ. అందర్నీ పిలిచి పీకించు. ఆ పని మొదలయ్యాక ఇక్కడ్నుంచి చదువు.

పెట్టెలు మూగబోలేదు. రేకులోంచి వాటి మాట బయటికి రాదు. నువ్వు నాలుగు వైపులా మడిచి కప్పిన ఆ టోపీల కింద అవి 'తడి తడి' అని గొంతు చించుకుంటూనే ఉన్నాయేమో, మాకు ఒక్క ముక్క వినబడలేదు. ఇవాళ పదిగంటల ఏడు నిమిషాలకు పద్దెనిమిదోది పలికింది. ఇన్ని రోజుల తర్వాత ఎందుకు పలికిందో ఇక్కడ ఎవరికీ అర్థం కాలేదు. నీ ఉత్తరంలో మిషను కింద వేసిన రేకు సంగతి చదివాక అర్థమైంది. అప్పటికి పదిహేడోది నాలుగోసారి అరుస్తూ ఉంది. ఇద్దరు సాక్షులయ్యారు, సైరన్ మోగింది.

ఇదంతా నీ తప్పని రాయబోయాను. ఎందుకైనా మంచిదని నీ పాత ఉత్తరం తీసి చూశాను. నాలుగు వైపులా మడిచానని స్పష్టంగా రాశావు. అది చదివి ఆఫీసంతా నవ్వుకున్నామని నేనే రాశాను. రేడియో పని చేసేదాన్ని, రేకు అన్న మాట చూసి నవ్వాను. ఆ పైన వచ్చిన నిశ్శబ్దానికి పులకరించాను.

ఇంకో తప్పు కూడా నాదే. పదిహేడోది మూడుసార్లు పిలిచింది. రెండో సాక్షి తనంతట తాను నడిచి వస్తాడని కూర్చున్నాను. పక్క పెట్టెను పిలిచి "నీ దగ్గర ఎలా ఉంది?" అని ఒక్క మాట అడిగితే, జవాబు రాకపోవడంలోనే గుట్టు బయటపడేది. నువ్వూ పెద్దమ్మను సాక్షుల్ని తెమ్మన్నావు కానీ ఆమె ఇంటికి పోయి చూడలేదు. సాక్షుల్ని వెతుక్కోవలసింది న్యాయాధిపతి అన్నయ్యా, బాధపడేవాడు కాదు. అన్నాచెల్లెళ్ళం ఒకే గంజి తాగి పెరిగాం, తప్పు కూడా ఒకేలా చేశాం.

ఈ ఉత్తరం తెచ్చిన రెండు లారీల్లో ఇసుక బస్తాలున్నాయి. ఇంకో లారీ దొరకలేదు. డ్రైవరు దగ్గర చిన్న తెర ఉంటుంది, పలికిన పెట్టె నంబరు అందులో వెలుగుతుంది. నంబరు వెలిగిన చోట బస్తాలు దింపండి. టోపీ ఉన్నంతసేపూ ఆ నంబరు వెలగదు. చీకటి పడకముందే అయిపోవాలి.

నీ చెల్లి

*

ప్రియమైన చెల్లాయికి,

కట్ట నిలిచింది. నిన్నటి నుంచి ఏరు తీస్తోంది.

నీ ఉత్తరం మొదటి వాక్యం దగ్గరే కాగితం మడిచి కేక పెట్టాను. ఆ సాయంత్రం నువ్వు చూసి ఉండాల్సింది. ముప్ఫై ఇళ్ళ ఆడా మగా గోడౌనులోంచి బయటికొచ్చి, గునపాలతో, గరిటెలతో, చేతికి దొరికినదాంతో నా సైన్యానికి టోపీలు ఊడబెరికారు. 'మౌనం' అని రాసిన టోపీని మీ వదిన స్వయంగా ఏట్లోకి విసిరింది. విసిరి నా వైపు చూసింది. నేను పక్క టోపీకి గునపం పెట్టాను.

తెర మీద పద్దెనిమిది వెలిగింది, పంతొమ్మిది వెలిగింది. అది ఊహించిందే. ఆ తర్వాత ముప్ఫై ఒకటి వెలిగింది, పక్కనే ముప్ఫై రెండు. అక్కడ పైకి చుక్క నీరు లేదు, గడ్డి పచ్చగా నవ్వుతోంది. డ్రైవరు దింపనన్నాడు. "పైకి కనబడేది చూసి ఇప్పటికే ఒకసారి మోసపోయాను బాబూ, దింపు" అన్నాను. బస్తాలు దింపి గునపం వేస్తే మూరెడు లోతులో బురద ఉడుకుతోంది. రెండో లారీ మొత్తం అక్కడే పోశాం. తెల్లారేదాకా నిలవదనుకున్న చోటు నిలిచింది.

నిన్న దర్జీ పెద్దమ్మ ఇంటికి వెళ్ళాను. నా తరఫున మాట్లాడటానికి సాక్షుల్నెవర్నీ తీసుకుపోలేదు. గుమ్మంలో నిలబడి తప్పైందన్నాను. ఆమె సూదిలో దారం ఎక్కిస్తూ, తల ఎత్తకుండా, "ఒక్కదాన్నే చెబుతున్నానంటే ఇంకెవరికీ కనబడని చోట ఉన్నానని అర్థంరా. అది కూడా తెలియనివాడివి మాకేం చెబుతావు?" అంది. తప్పిపోయిన ఒక్క గొర్రె కోసం తొంభై తొమ్మిదింటినీ వదిలి వెళ్ళిన కాపరి గురించి నేను ఎన్ని ఆదివారాలు గొంతు చించుకున్నానో లెక్క లేదు. ఆ ఒక్కటీ మెట్లెక్కి నా దగ్గరికే వచ్చి పిలిస్తే సాక్షుల్ని తెమ్మన్నాను.

ఇక అసలు సంగతి. దీని కోసమే ఈ ఉత్తరం.

ఇవాళ ఎండ కాసింది. మట్టి ఆరిన పెట్టెలు మళ్ళీ మౌనంగా ఉన్నాయి. టోపీలు లేవు కదా, అంతా మంచిదే అనుకోబోయాను. పెద్దమ్మ ఒప్పుకోలేదు. "ఉన్నాయో పోయాయో నీకేం తెలుసు? పోసి చూడు" అంది. ఆమె బిందె పట్టుకుని వెనకే వస్తుంటే, ఒక్కో పెట్టె మొదట్లో చెంబెడు నీళ్ళు పోస్తూ వెళ్ళాను. పోసిన నిమిషంలో, డ్రైవరు నా దగ్గర వదిలివెళ్ళిన తెర మీద దాని నంబరు వెలిగేది. పొడిగా ఉన్నవాటిలో తొమ్మిదోది వెలగలేదు. రెండో చెంబు పోశాను. వెలగలేదు. మూత తీసి చూస్తే తీగలు ఎలక కొరికేసి ఉన్నాయి. ఎప్పుడో కొరికింది, తుప్పు కూడా పట్టింది. దానికి నా టోపీతో సంబంధం లేదు చెల్లాయ్. నా టోపీ లేకపోయినా అది మనకు క్షేమమనే కనబడేది. సుఖంగా నిద్రపోయేవాడూ చచ్చిపోయినవాడూ దూరం నుంచి ఒకేలా కనిపిస్తారు. దగ్గరికి పోయి తట్టినవాడికే తేడా తెలుస్తుంది.

మాటలు తగ్గించమన్న నీ మాట నేను వదలను. అది సత్యం. కానీ రోజుకు ఒక్క మాట మిగలనీ. పొద్దున్నే ప్రతి పెట్టెనూ 'ఉన్నాను' అననీ, ఆ తర్వాత రోజంతా నోరు మూసుకోనీ. ఆ ఒక్క మాటకు బ్యాటరీ ఏమీ చచ్చిపోదు. ఒక పెట్టె 'తడి' అంటే పక్కవాటిని నువ్వే పిలిచి అడుగు. నేను కూడా ఇకనుంచి వ్యాను వచ్చినప్పుడల్లా ఒక కార్డు పంపుతాను. దాని మీద 'ఉన్నాను' తప్ప ఇంకేం లేకపోయినా కోప్పడకు.

మరి ఆ మూడు కట్టల సంగతేమిటి? సోమవారం నుంచి అవి కూడా ఇదే మౌనంలో ఉన్నాయి. మీ పెద్దాయన తెర చూసి సంతోషిస్తూ ఉంటాడు. అక్కడ నాలాంటి భక్తుడు ఎవడు ఏ గుడ్డ కప్పాడో, ఏ ఎలక ఏ తీగ కొరికిందో, ఏ ముసలమ్మను ఎవరు గుమ్మంలోంచి తిప్పి పంపారో నీకు తెలుసా? ఆ కట్టల కింద ఎన్ని ఇళ్ళున్నాయి? తెర నిశ్శబ్దంగా ఉందని చెప్పకు. ఆ జవాబు నేను మూడు వారాలకు పైగా చెప్పుకున్నాను. పై కాగితం రానీ, రేపు చూద్దాం, సోమవారం మీటింగులో అడుగుదాం అని కూడా అనకు. మీటింగు కోసం ఏరు ఆగదు.

హారన్ బాబాయికి చెప్పాను, ఈ ఉత్తరం నీ చేతికిచ్చి వ్యాను గుమ్మంలోనే నిలబెడతాడు. నిన్ను ఎక్కించుకుంటే తప్ప కదలడు, ఆపకుండా హారన్ కొడతాడు. లే చెల్లాయ్. ఒక చెంబూ, డ్రైవరుకిచ్చినలాంటి చిన్న తెరా తీసుకో. ఆ మూడు కట్టల మీద ఒక్కో పెట్టె దగ్గరా ఆగు, నీళ్ళు పోసి 'ఉన్నావా?' అని అడుగు, జవాబు వచ్చేదాకా కదలకు. ఇవాళే. ఈ కాగితం మడతపెట్టకముందే బయలుదేరు.

ఉన్నాను,
నీ అన్నయ్య